సాగర్‌లు మనయి, సంఘం ఎవరిది?

సముద్రమే లేని మధ్యప్రదేశ్‌కు తెరచాప పడవల పందెంల పతకం ఎట్లొచ్చింది? 2023ల చైనాల జరిగిన ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచిన నేహా ఠాకూర్ దేవాస్ జిల్లా రైతు బిడ్డ. అప్పటికి 17 ఏండ్లు. నేర్చుకున్నది భోపాల్ నేషనల్ సెయిలింగ్ స్కూల్ల, చెరువు నీళ్ల మీద.

మన దిక్కు చూడుండ్రి. పోచంపాడు కాడ శ్రీరాంసాగర్, మంజీర మీద 1931ల పూర్తయిన నిజాంసాగర్. ఎండాకాలం ముచ్చట పక్కకు పెడితే నీళ్లకు కొదువ లేదు. తెప్పల మీద పెరిగిన గంగపుత్రుల పిల్లలకు గాలి ఎటు మళ్లుతదో ఒకరు చెప్పే పని లేదు. అయినా పందెం పడవ ముట్టాలంటే హైదరాబాద్ బస్సెక్కాలె.

ఎందుకంటే ఈ ఆటకు తొవ్వ క్లబ్బు కాడ మొదలైతది. క్లబ్బు మీద రాష్ట్ర సంఘం, దాని మీద ఢిల్లీల యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అందరి మీద వరల్డ్ సెయిలింగ్. జిల్లాల క్లబ్బు లేకుంటే మన పోరగాండ్ల పేరు పైకి పంపేటోడే ఉండడు. బోధన్ చెరుకు రైతులకు ఇది ఎరుకే. పొలం మనది, చెరుకు మనది, ఫ్యాక్టరీ పర్మిట్ రాంది కత్తి పెట్టొద్దు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డది గని గా చిట్టీ ముచ్చట మీ నాయినలను అడుగుండ్రి, చెప్తరు.

తమాషా ఏందంటే, నీళ్ల మీద ఈ ఆట రూల్సు మస్తు సాఫ్. రూల్స్ పుస్తకం నాలుగేండ్లకోసారి మారుతది, ఇప్పుడు నడిచేది 2025-28ది. చానా పోటీల్లో పక్కన ఈలేసే రెఫరీ ఉండడు. ఎడమ పక్క నుంచి గాలి తాకే పడవ, కుడి పక్క నుంచి గాలి తాకే పడవకు తొవ్వ ఇడవాలె. ఇడువకుంటే తప్పు చేసినోడే తన పడవను రెండు చుట్లు తిప్పుకొని శిక్ష ఏసుకోవాలె. తప్పు ఒప్పుకోకుంటే ఒడ్డుకొచ్చినంక ఫిర్యాదు, జ్యూరీ ముంగట విచారణ.

ఒడ్డు మీద గంత సాఫ్ లేదు. జాతీయ సంఘం అధ్యక్ష కుర్చీల ఎక్కువగా నేవీ పెద్దాఫీసర్లే కూసున్నరు. సికింద్రాబాద్‌ల ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ కూడా సైన్యందే. ఆళ్లను తిట్టుడు నా పని కాదు. హుస్సేన్‌సాగర్‌ల ఈ ఆట బతికిందంటే ఆళ్ల చెయ్యి ఉన్నది. 2009ల పెట్టిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బీదింటి పిల్లలకు కూడా నేర్పుతున్నది. గని ఇదంతా ఒక్క పట్నం చెరువు చుట్టే తిరుగుతున్నది.

2025 ఆగస్టుల జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది. జాతీయ సంఘాల కార్యవర్గం 15 మందికి మించొద్దు, అండ్ల కనీసం నలుగురు ఆడోళ్లు, ఇద్దరు పేరున్న క్రీడాకారులు ఉండాలె. కొట్లాటలు తెంపెటందుకు ట్రిబ్యునల్. మంచిదే. జిల్లాకో క్లబ్బు మాత్రం చట్టంతోని దానంతటదే రాదు, మనం అడగాలె. సర్కారు పైసలు తీసుకునే సంఘాలకు సమాచార హక్కు కూడా వర్తిస్తది.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, కలెక్టరాఫీసుల ప్రజావాణికి ఒక అర్జీ రాయుండ్రి. శ్రీరాంసాగర్ కాడ క్లబ్బుకు జాగ, 15 ఏండ్ల లోపు పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవలు ఓ పది, లైఫ్ జాకెట్లు, ఒక రెస్క్యూ బోటు. రాష్ట్ర సంఘానికి ఇంకో కాయితం: జిల్లా క్లబ్బును చేర్చుకునేటందుకు షరతులేంది, ఫీజెంత, తెలుగుల రాసియ్యుండ్రి అని.