చాడీలు చెప్పిన ఊదారంగు

పిల్లలూ! మీరు కంప్యూటరులో గాని, ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో గాని తెలుగు వికీపీడియా చూసే ఉంటారు. అందులో కొన్ని మాటలు నీలం రంగులో ఉంటాయి. నీలం మాటను నొక్కితే ఇంకొక పేజీ తెరుచుకుంటుంది. ఇలాటి మాటలను లింకులంటారు. మీరు ఆ కొత్త పేజీ చదివి వెనక్కు వచ్చి చూస్తే, ఇందాక నొక్కిన మాట ఊదారంగుకు మారి ఉంటుంది. "ఇది మీరు చూసేశారు సుమా!" అని బ్రౌజరు జ్ఞాపకం చేస్తున్నదన్నమాట.

బ్రౌజరంటే పేజీలను ఎక్కడెక్కడినుంచో తెచ్చి మన ముందు పరిచే ప్రోగ్రాము. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఇవన్నీ బ్రౌజర్లే. చూడని లింకుకు నీలం, చూసినదానికి ఊదా అనే ఏర్పాటు చాలా పాతది. 1993లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ అనే బ్రౌజరులోనే అది ఉన్నది.

ఇంత చిన్న రంగువల్ల ప్రమాదమేమిటంటారా? వినండి.

ఒక ఊళ్ళో ఒక లైబ్రరీ ఉన్నదనుకోండి. ఆ లైబ్రేరియన్ చాలా నమ్మకమైన మనిషి. మీరు ఏయే పుస్తకాలు చదివారో ఆయనకు తెలుసు. కాని ఎవరడిగినా చెప్పడు. ఒకనాడు ఒక కొత్త మనిషి వచ్చి, ఆయనకు వెయ్యి పుస్తకాల జాబితా ఇచ్చి, "అయ్యా, దీన్ని మీ దగ్గరికి వచ్చే ఆ అబ్బాయికోసం తెచ్చాను. అతను చదివిన పుస్తకాల పేర్లు ఊదా సిరాతోనూ, చదవనివి నీలం సిరాతోనూ రాసిపెట్టండి. అతనికి సదుపాయంగా ఉంటుంది," అన్నాడు. లైబ్రేరియన్ అలాగే రాశాడు. అప్పుడా మనిషి, "మూడోపేరు ఏ సిరాతో రాశారు? మరి నాలుగోది?" అని అడిగాడు. "అబ్బాయి ఏమేమి చదివాడు?" అని అడిగితే లైబ్రేరియన్ చెప్పేవాడు కాడు. సిరా రంగు చెప్పటానికేం? పాపం, చెప్పేశాడు!

బ్రౌజరు అచ్చం ఇలాగే మోసపోయింది.

పేజీలో అక్షరాలూ, బొమ్మలే కాక, జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా ఉంటాయి. అవి మన కంప్యూటరులోనే నడుస్తాయి. "ఫలానా లింకు ఇప్పుడు ఏ రంగులో ఉన్నది?" అని అవి బ్రౌజరును అడగవచ్చు. ఇందులో తప్పేమీ లేదు. పేజీని అందంగా అమర్చటానికి అలాటి ప్రశ్నలు కావాలి. అయితే, దుర్బుద్ధి గలవాడు తన పేజీలో, మన కంటపడని చోట వేలకొద్దీ లింకులు పెట్టి, ఒక్కొక్కదాని రంగూ అడిగించేవాడు. నీలమంటే మీరు చూడలేదు, ఊదా అంటే చూశారు. ఆ కాలపు బ్రౌజర్లలో సెకనుకు 30,000 లింకులదాకా ఇలా తేల్చవచ్చునని 2010లో ఇద్దరు పరిశోధకులు కొలిచి చెప్పారు. మీరు తిరిగిన చోట్లన్నీ వాడికి తెలియవనుకోండి. వాడు తన జాబితాలో రాసుకున్నవాటి సంగతే తెలుస్తుంది. కాని జాబితాలో ఏమి రాసుకోవాలో వాడి యిష్టం కదా!

"చూస్తే చూడనీ, నేను చందమామమీద వ్యాసమేగా చదివాను!" అని మీరు అనవచ్చు. కాని అర్ధరాత్రి ఎవరికీ చెప్పకుండా ఏదో జబ్బు గురించి చదువుకునే తల్లి ఉంటుంది. అప్పు తీర్చే మార్గం వెతుక్కునే తండ్రి ఉంటాడు. అమెరికాలో ఒక ప్రకటనల కంపెనీ సరిగ్గా ఇలాటివాటికోసమే వెతికింది. వాళ్ళు వేసే ప్రకటనల వెనక ఈ రంగు అడిగే ప్రోగ్రాము దాచి, 54,000కు పైగా సైట్లలో జనం ఏవి చూశారో 2010, 2011 సంవత్సరాల్లో కనిపెడుతూ వచ్చింది. అందులో జబ్బుల పేజీలున్నాయి, అప్పుల పేజీలున్నాయి, దివాలా తియ్యటాన్ని గురించిన పేజీలున్నాయి. ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని పట్టుకుని, ఆ పని మానాలనీ, పోగుచేసినదంతా చెరిపెయ్యాలనీ 2012 డిసెంబరులో ఆ కంపెనీచేత ఒప్పించింది.

విచిత్రమేమంటే, ఈ లోపం సంగతి 2002లోనే తెలుసు. మొజిల్లా బ్రౌజరు తయారుచేసేవారి లోపాల పట్టికలో అది ఆ యేడే చేరింది. మరి ఎనిమిదేళ్ళు ఎవరూ ఎందుకు బాగుచెయ్యలేదు? ఊదారంగు తీసిపారేస్తే ఒక్క క్షణంలో పని అయిపోయేది. కాని చదివేవారికి అది ఎంతో ఉపకారం. దాన్ని ఉంచుతూ గుట్టు దాచటమే కష్టం.

ఎందుకంటే దొంగకు ఒకటే ద్వారం లేదు. పేజీ రాసేవాడు, "చూసిన లింకు వెనక ఫలానా బొమ్మ పెట్టు," అని బ్రౌజరుకు చెప్పవచ్చు. ఆ బొమ్మ వాడి దగ్గరే ఉంటుంది. బొమ్మకోసం మీ బ్రౌజరు వాడి తలుపు తట్టిందంటే, ఆ లింకు మీరు చూసినదేనని తెలిసిపోయింది! రంగు అడగవలసిన అవసరం కూడా లేదు. లేదా, "చూసిన లింకును పెద్ద అక్షరాలతో రాయి," అని చెప్పవచ్చు. అప్పుడు కింది వాక్యం కాస్త దిగజారుతుంది. "కింది వాక్యం ఎక్కడున్నది?" అని అడిగితే చాలు.

చివరికి మొజిల్లాలో పనిచేసే డేవిడ్ బేరన్ అనే ఆయన 2010లో ఒక ఉపాయం చెప్పాడు. ఏమిటో తెలుసా? బ్రౌజరుకు అబద్ధమాడటం నేర్పటం! లింకును మీ కంటికి ఊదాగానే చూపిస్తుంది. కాని పేజీలోని ప్రోగ్రాము అడిగితే, చూసినదైనా చూడనిదైనా ఎప్పుడూ "నీలం" అనే చెబుతుంది. అబద్ధం తప్పని మీకు బళ్ళో చెబుతారు గాని, నమ్మినవారి గుట్టు కాపాడటానికి ఈ ఒక్కదాన్నీ క్షమిద్దాం. అంతేకాదు, చూసిన లింకుకు రంగు తప్ప మరేదీ మార్చరాదన్నాడు: బొమ్మ పనికిరాదు, పెద్ద అక్షరాలు పనికిరావు. రెండు రకాల లింకులకూ బ్రౌజరు ఒకటే పని చెయ్యాలి; లేకపోతే ఎంతసేపు పట్టిందో కొలిచి కూడా దొంగ పసికట్టగలడు. ఈ ఏర్పాటుతో 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4 వచ్చింది. మిగిలిన పెద్ద బ్రౌజర్లు కూడా ఇదే దారి పట్టాయి.

కథ అయిపోయిందనుకున్నారా? లేదు. బ్రౌజరు చెప్పకపోతే మిమ్మల్నే అడిగితే సరి! కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో దీన్ని చేసి చూపించారు, మోసం చెయ్యటానికి కాదు, హెచ్చరించటానికి. తెరమీద చదరంగం బల్ల ఉంటుంది. "కనిపించే బంట్లన్నిటినీ నొక్కండి," అని ఆట. నిజానికి ఒక్కొక్క బంటూ ఒక లింకు. మీరు చూడని లింకు గడి రంగులోనే ఉండి కలిసిపోతుంది. చూసినది మాత్రం బంటుగా కనబడుతుంది. మీరు సంతోషంగా నొక్కుతారు, మీ గుట్టు మీ వేలితోనే చెబుతారు. బ్రౌజరు ఎంత బాగా అబద్ధమాడినా ఏం లాభం?

దీనికి మందు 2025లో క్రోమ్ 136లో వచ్చింది. ఇందులో ఏ సైటులో నొక్కిన లింకు ఆ సైటులోనే ఊదా అవుతుంది. మీరు వికీపీడియాలో ఒక లింకు నొక్కి ఒక ఆస్పత్రి పేజీకి వెళ్ళారనుకోండి. వికీపీడియాలో ఆ లింకు ఊదాగా ఉంటుంది. అదే లింకును ఇంకెవడో తన పేజీలో పెట్టుకుంటే, అక్కడ నీలమే. మీ కంటికి కూడా నీలమే! చదరంగం బల్లమీద మీ గుట్టు చెప్పే బంటు ఒక్కటీ కనబడదు. అయితే, ఏ సైటైనా తన సొంత పేజీలను మటుకు, మీరు వేరేదారిన వచ్చి చూసినా, ఊదాగా చూపవచ్చు. తన యింటికి ఎవరు వచ్చారో ఆ యింటివాడికి ఎలాగూ తెలుసు కదా!

ఇక్కడ పెద్దలకు ఒక మాట. ఈ మందులన్నీ కొత్త బ్రౌజరులోనే ఉంటాయి. "కొత్త వెర్షను వచ్చింది" అని తెరమీద కనబడగానే "తరవాత" అని నొక్కే నాన్నలను నేను చాలామందిని ఎరుగుదును. ఆ బొత్తాం నొక్కే పని పిల్లలకు అప్పగించండి, మరచిపోరు.

పిల్లలూ, బ్రౌజరు అబద్ధాన్ని మీరే పట్టుకోవచ్చు. ఇంట్లో జావాస్క్రిప్ట్ నేర్చుకునే అక్కయ్యో, అన్నయ్యో ఉంటే, కంప్యూటరులో వికీపీడియా తెరిచి, ఒక లింకు నొక్కి వెనక్కు రండి. ఊదాగా మారిన ఆ లింకు రంగేమిటని ప్రోగ్రాముచేత అడిగించండి. జవాబుగా మూడు సంఖ్యలు వస్తాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. తరవాత, మీరు ఎన్నడూ నొక్కని పక్క లింకును గురించి కూడా అడిగించండి. రెండు జవాబులూ ఒకటే వస్తాయి. తెరమీద మాత్రం ఒకటి ఊదాగానూ, ఒకటి నీలంగానూ ఉంటాయి.