సీమ ఎండలో ఇటలీ రొట్టె

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో రొట్టె అంటే జొన్నరొట్టే. బేకరీలో దొరికేది రొట్టె కాదు, 'బ్రెడ్డు'. జ్వరమొచ్చినప్పుడు పాలల్లో ముంచుకుని తినేది. అలాంటి చోట, సెలవులకు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పిల్లలు 'అమ్మా, ఫొకాచా చేస్తావా' అంటే అమ్మ ఏమంటుంది? ముందు ఆ పేరేదో మళ్లీ చెప్పమంటుంది. పేరుకు బెదరక్కర్లేదు. లాటిన్‌లో 'ఫోకస్' అంటే పొయ్యి. ఆ మాటలోంచే ఫొకాచా వచ్చింది. పొయ్యిరొట్టె అనుకుంటే సరి.

చిక్కంతా చేతి అలవాటుతోనే. పిండి కలపబోతుంటే జేజి పక్కనే నిలబడి 'నీళ్లు బాగా తెర్లనీ పాపా' అంటుంది. జొన్నరొట్టెకైతే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. జొన్నలో గోధుమకున్న సాగే జిగురు లేదు. మరిగే నీళ్లు పోస్తేనే పిండి ఉడికినట్టయి ముద్ద కడుతుంది, చేత్తో తడితే విరగదు. ఇటలీ రొట్టెకు అవే నీళ్లు పోశారో, పని చెడినట్టే. దీన్ని పొంగించేది ఈస్ట్. అది ప్రాణమున్న పదార్థం. 60 డిగ్రీల వేడికే చచ్చిపోతుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి, అంతే. మే నెలలోనైతే అసలు కాచే పనే లేదు, కుండలో నీళ్లు చాలు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నంపూట పట్టకండి, చెయ్యి కాలుతుంది!

రెండు కప్పుల మైదాలో చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచా చక్కెర, ముప్పావు చెంచా ఉప్పు కలిపి, ముప్పావు కప్పు నీళ్లు పోయండి. చేతికి అంటుకుంటుంది. అంటుకోనీండి, భయపడి పిండి చల్లితే రొట్టె గట్టిపడుతుంది. రెండు పెద్ద చెంచాల నూనె వేసి పది నిమిషాలు మర్దించాలి. ఆలివ్ నూనె కోసం వెతుక్కోనక్కర్లేదు, గానుగ చెనిక్కాయ నూనె ఉంటే దాని రుచి దానిదే.

పుస్తకాల్లో గంటసేపు మూతపెట్టి ఉంచమంటారు. అది చల్లటి దేశాల లెక్క. కడప జిల్లా ఎండలు నలభై దాటిన రోజున అరగంటకే పిండి రెట్టింపవుతుంది. ఇంకాసేపు వదిలేస్తే దోసెపిండిలాగే పులిసిపోతుంది. గడియారం కాదు, గిన్నెను చూడాలి.

తర్వాత నూనె రాసిన పళ్లెంలో అంగుళానికి మించకుండా పరిచి, వేళ్లతో గుంటలు నొక్కి, వాటిలో నూనె, ఉల్లిపాయ చీలికలు, కాస్త రాళ్లుప్పు. పావుగంట ఆగాలి. ఒవెన్ ఉంటే 220 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. లేకపోతే పాత కుక్కర్ తీయండి (కొత్తది వద్దు, నీళ్లు లేని వేడికి అడుగు పాడవుతుంది). గాస్కెట్, వెయిట్ రెండూ తప్పకుండా తీసేయాలి. అడుగున మందంగా ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక పళ్లెం దించండి. సన్నసెగ మీద అరగంట పైన పడుతుంది. పైభాగం తెల్లగానే మిగిలిపోతుంది కాబట్టి బోర్లించి పెనం మీద రెండు నిమిషాలు కాల్చుకోవాలి. అడుగున తట్టి చూస్తే బోలుగా మోగితే ఉడికినట్టు.

మైదా వద్దనుకునేవాళ్లు మొత్తం జొన్నపిండితో చేద్దామని చూస్తుంటారు. పొంగదు. కప్పులో పావు వంతు జొన్న కలిపితే రుచి వస్తుంది, పొంగూ నిలుస్తుంది.

మరీ ఇంత ఓపిక లేదంటారా? ఇటలీలోనే జెనోవా వైపు 'ఫరినాటా' అని ఒకటుంది. అది అచ్చంగా శనగపిండిదే. జమ్మలమడుగు నల్లరేగళ్లలో పండే పంటకు దగ్గరి చుట్టం. 100 గ్రాముల పిండికి 300 మిల్లీలీటర్ల నీళ్లు, ఉప్పు కలిపి నాలుగు గంటలు నానబెట్టి, పైన తేలిన నురగ తీసేసి, కాస్త నూనె కలపాలి. అక్కడ రాగి పళ్లేల్లో పోసి మండే పొయ్యిలో కాలుస్తారు. ఇక్కడ ఇనప పెనం మీద నూనె ధారాళంగా వేసి, పలుచగా పోసి మూతపెడితే సరిపోతుంది. పైన మిరియాల పొడి చల్లి, వేడిమీదే తినాలి. దీనికి ఈస్టూ అక్కర్లేదు, జేజితో నీళ్ల పంచాయితీ కూడా ఉండదు.