బ్యాంకు తాళం గూడ్సు బండికి పట్టదు

శివలింగపురం, టైడా, చిమిడిపల్లి. కొత్తవలస–కిరండూల్ లైనులో అరకు వెళ్లేవాళ్లు ఈ పేర్లను విస్టాడోమ్ అద్దాల్లోంచి చూసి మర్చిపోతారు. ఈ లైను వేసింది వాళ్ల కోసం కాదులెండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేశారు. మొత్తం 58 సొరంగాలు. ఘాట్ దిగే ఖనిజం బండ్లు నిండు బరువుతో వస్తాయి.

ఈ బండికి సైబర్ ముప్పేమిటని అడిగితే మనవాళ్లు బ్యాంకు లెక్కలోనే జవాబిస్తారు: పాస్‌వర్డు, సర్వరు, డేటా చోరీ. ఇక్కడ దోచుకుపోవడానికి ఏముంది? 2023 ఆగస్టులో పోలండ్‌లో ఎవరో రేడియోలో మూడు శబ్దాల సంకేతం వినిపించి ఇరవై దాకా రైళ్లను ఆపేశారు. అందుకు ఏ కంప్యూటర్‌లోకీ చొరబడనక్కర్లేదు. అనుమానం వస్తే ఆగిపోవడమే రైల్వేకు రక్ష. దాన్నే ఆయుధం చేసుకున్నారు. మైదానంలో అయితే ఆలస్యంతో పోతుంది. వాలులో, బ్రేకు పైపులో గాలి మళ్లీ నిండకముందే పదేపదే ఆగమంటే లోకో పైలట్ గతేం కాను?

కరెంటుకు ఇది తలకిందులు. అక్కడ ఆగడమే నష్టం. 2019లో తెలంగాణ డిస్కంల వెబ్‌సైట్లను రాన్సమ్‌వేర్ పట్టుకుంటే ఆన్‌లైన్ సేవలు ఇబ్బందిపడ్డాయి. 2021 మార్చిలో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ తెలంగాణ ట్రాన్స్‌కోను హెచ్చరించింది మాత్రం గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రం గురించి. ఒకే రంగంలో రెండు వేర్వేరు భయాలు. టైడా మీదుగా పోయే ఇంజన్లూ కరెంటువే కాబట్టి ఆ రెండో భయం కొండెక్కుతుంది కూడా.

ఇక రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ అనే మన హైదరాబాద్ కంపెనీలూ దాన్ని తయారుచేస్తున్నాయి. దక్షిణ మధ్య రైల్వేలోనే పరీక్షించారు. అది రేడియో మీద ఆధారపడుతుంది. సందేశం నకిలీదో కాదో తేల్చే ఏర్పాటుంది, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ పరీక్షలు జరిగిన వికారాబాద్ వైపు రేడియో మూగబోతే అనుమానించాలి. సొరంగంలో మూగబోతే ఎవరూ తలెత్తి చూడరు. దుండగుడికి కావలసింది ఆ అలవాటే.

అందుకని ముప్పుల జాబితా రాసేటప్పుడు సలహాదారుల కంటే ముందు స్టేషన్ మాస్టర్‌నూ, సిగ్నల్ మెయింటైనర్‌నూ, ఘాట్ తెలిసిన లోకో పైలట్‌నూ కూర్చోబెట్టమంటాను. కొండచరియ పడితే ఏ కేబుల్ తెగుతుందో, ఏ మలుపులో వాకీటాకీ పలకదో చెప్పగలిగేది వాళ్లే. 2022 ఆదేశాల ప్రకారం దాడి గమనించిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. రేడియో పోయింది కొండ వల్లో, మనిషి వల్లో తేల్చుకోవడానికి టైడాలో అంత వ్యవధి ఎక్కడిది? పక్క స్టేషన్ అప్పటికే లైన్ క్లియర్ అడుగుతుంటుంది.