ముప్పై ఏడు కామెంట్లు, ఒక పల్చటి గిన్నె

రెండు నెలల కిందట మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు రాసిన కోడ్‌కి నేను 37 కామెంట్లు పెట్టాను. అన్నీ చిన్నవే. ఈ పేరు మార్చు, ఆ ఫంక్షన్ విడగొట్టు, ఈ చెక్ అనవసరం తీసెయ్. పాపం వాడు రాత్రి పదకొండు దాకా కూర్చుని అన్నీ మార్చి, 'డన్ అన్నా' అని మెసేజ్ పెట్టాడు. తెల్లారి చూస్తే కోడ్ అచ్చం నేను రాసినట్టే ఉంది. భలే నేర్పానని మురిసిపోయా.

తర్వాత గమనించా, వాడు మీటింగ్‌లో నోరు విప్పట్లేదు. ఏం అడిగినా 'మీరెలా అంటే అలా అన్నా' అంటున్నాడు.

ఇది ఇక్కడ ఆపి ఇంకో కథ చెప్తా. నేను శనివారాలు కుండలు చేయడం నేర్చుకుంటున్నా. మూడు వారాలైనా మట్టి ముద్ద సారె మధ్యలో నిలబడట్లేదు, అది వేరే సంగతి. మొన్న అక్కడ నేర్పే మేడమ్ ఫోన్‌లో ఒక గిన్నె చూపించారు. అడుగు ఇంతే ఉంది, పైకి పోయేకొద్దీ పువ్వులా విచ్చుకుంది. 'ఇంత పల్చగానా? ముట్టుకుంటే పగిలిపోయేలా ఉంది' అన్నా. 'ఒక పెద్దాయన కూడా ఆవిడ పనిని చూసి పల్చగా ఉందనే అన్నాడు' అని నవ్వారు.

ఆ ఆవిడ పేరు లూసీ రీ. 1902లో వియన్నాలో పుట్టింది. అక్కడే కుండల పని చదువుకుని, 1937లో పారిస్ ప్రదర్శనలో వెండి పతకం కూడా తెచ్చుకుంది. మరుసటి ఏడాదే హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదు కుటుంబం కావడంతో ఇల్లూ ఊరూ వదిలి లండన్ చేరింది. అప్పటికి వయసు 36. వియన్నాలో వచ్చిన పేరు లండన్‌లో ఎవరికీ పట్టలేదు.

ఆ పెద్దాయన బెర్నార్డ్ లీచ్. ఇంగ్లండ్‌లో కుండల కళకి అప్పట్లో ఆయన మాటే శాసనం. ఆమె పాత్రలు మరీ పల్చగా ఉన్నాయన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, చివరిదాకా ఇద్దరూ స్నేహితులే. మంచి మనసుతోనే చెప్పాడు. ఆమె కూడా నిజమేనేమో అనుకుంది. ఆయన పద్ధతిలో దళసరిగా చేయబోయింది. కుదరలేదు. ఉన్న నమ్మకం కూడా సడలింది.

పొట్ట గడవడానికి మట్టితో కోటు గుండీలు చేసి బట్టల షాపులకి అమ్మేది. బట్ట రంగుకి గుండీ రంగు కలవాలి కదా, దానికోసం ఎన్నో గ్లేజులు కలిపి చూసేది. ఆ అనుభవం తర్వాత గిన్నెల మీద రంగులకి పనికొచ్చింది.

1946లో గుండీల పనికి హాన్స్ కోపర్ అనే పాతికేళ్ల కుర్రాడు చేరాడు. జర్మనీ నుంచి వచ్చినవాడు. చదివింది టెక్స్‌టైల్ ఇంజనీరింగ్, అంటే మనవాడే! కుండల పని అసలు రాదు. అతనిలో ఏదో ఉందని గమనించి, సారె మీద పని నేర్చుకు రమ్మని ఆమే పంపింది. అదే కుర్రాడు ఆమెకి చెప్పాడు, లీచ్‌లా చేయక్కర్లేదు, మీకు వచ్చినట్టే చేయండని. ఆమె విన్నది. మళ్లీ పల్చటి గిన్నెల దగ్గరికొచ్చింది. చాలామంది కుండని ఒకసారి కాల్చి, గ్లేజ్ పూసి, మళ్లీ కాలుస్తారు. ఆమె పచ్చి కుండ మీదే బ్రష్‌తో గ్లేజ్ పూసి, కరెంటు బట్టీలో ఒక్కసారే కాల్చేది.

1960 నుంచి పదేళ్లకు పైగా లండన్‌లోని కేంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పింది. కోపర్ కూడా అక్కడ చెప్పాడు. వాళ్లిద్దరూ ఉన్నప్పుడు అక్కడ చదివిన ఈవెన్ హెండర్సన్, జాన్ వార్డ్ పాత్రలు ఫోన్‌లో వెతికి చూడండి. ఒకరివి రాళ్లలా గరుకుగా, వంకర్లు తిరిగి ఉంటాయి. ఇంకొకరివి నున్నగా, గాట్లు పెట్టినట్టుంటాయి. ఇద్దరివీ చేత్తో కట్టినవే. లూసీ రీ గిన్నెకి నకలు ఒక్కటీ కనపడదు. 1991లో బ్రిటన్ ఆమెకి డేమ్ బిరుదు ఇచ్చింది. 1995లో చనిపోయింది.

ఇక మా కుర్రాడి దగ్గరికి. పోయిన వారం కస్టమర్లకి ఒకే బిల్లు మెసేజ్ రెండేసి సార్లు వెళ్లింది. రాత్రంతా వెతికితే తేలిందేంటంటే, ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వస్తే ఆపే చెక్ కోడ్‌లో లేదు. పాత వెర్షన్ తీసి చూశా. వాడు మొదట రాసినదాంట్లో ఉంది. నా 19వ కామెంట్: 'అనవసరం, తీసెయ్.'

'మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?' అన్నా.

'మీరు తీసేయమన్నారు కదన్నా' అన్నాడు.

మీటింగ్‌లో తప్పు నాదని చెప్పా. అంతటితో అన్నీ సర్దుకున్నాయని అబద్ధం చెప్పను. ఇప్పుడు కామెంట్‌కి బదులు 'ఇది ఎందుకిలా రాశావ్?' అని అడుగుతున్నా. మొదట్లో వాడు అది కూడా తిట్టే అనుకుని వెంటనే మార్చేసేవాడు. నిన్న మాత్రం మార్చలేదు. కింద నాలుగు లైన్లలో కారణం రాసి, చివర్లో 'ఇది ఉంచుదాం అన్నా' అన్నాడు.

ఉంచాం.