బడి పెరడు, ఊరి పెరడు

పావగడ సీమకు కరవు క్రొత్త కాదు. వెంకటమ్మనహళ్లి మొదలు తాలూకా యంతటను వేరుసెనగ సాళ్ల నడుమ కందులు, అనుములు చల్లుట మన పెద్దల పద్ధతి. చేను లేని కూలివాని యింటికిని ఆ గట్లమీది ఆకుకూర అందుచుండెను.

ఈ తాలూకాలో 2018లో ఆరంభమైన 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము సుమారు 13,000 ఎకరములలో విస్తరించినది. భూమి గలవారికి ఏటేట కౌలు వచ్చుచున్నది. భూమి లేనివారికి కౌలు లేదు. చేలతోపాటు కూలియు, కూరయు పోయినవి.

కావున ఊరి యుమ్మడి పెరటికి బడియు, అంగన్‌వాడియు తగిన తావులని మా యభిప్రాయము. బడులలో పౌష్టికాహార తోటలు పెంచుటకు కేంద్ర ప్రభుత్వము 2019లో మార్గదర్శకములు వెలువరించినది. మధ్యాహ్న భోజనమువేళ బిడ్డలు చేతులు కడిగిన నీటిని పాదులకు మళ్లించినచో రెండు మునగచెట్లు, ఒక చిక్కుడు పందిరి, గోంగూర మడి బ్రదుకగలవు.

అయితే బడి తోట ఎండునది వేసవి సెలవులలోనే. అప్పుడు నీరు పోయుటకు వీధికొక వారము వంతు ఉండవలెను. బడి తెరచిన దినములలో కోత బిడ్డల వంటకు, సెలవులలో భూమిలేని యిండ్లకు చెందవలెను. వేసవికి ముందే గ్రామస్థులు ఈ వంతులు నిర్ణయింతురు గాక!