అది ఆలోచిస్తోందా, ఆగిపోయిందా?

రోబోల పోటీలకు వెళ్లొచ్చిన తల్లిదండ్రులని "ఎలా జరిగాయండీ?" అని అడిగి చూడండి. "బాగానే జరిగాయి. ఏవో తిరిగాయి, ఏవో పడిపోయాయి, చివర్న ఎవరికో కప్పు ఇచ్చారు" అంటారు. కబడ్డీ చూసొచ్చినవాళ్లు ఇలా చెప్పరు. ఎవరు కూతకెళ్లారో, ఎవరు కాలు పట్టి లాగారో పూసగుచ్చినట్టు చెబుతారు. తేడా చూసేవాళ్ల తెలివిలో లేదు. కబడ్డీలో జరిగేదంతా కళ్లకి కనిపిస్తుంది. రోబో పోటీలో అసలు ఆటంతా దాని పొట్టలో జరుగుతుంది.

బరి మధ్యలో ఒక రోబో కదలకుండా నిలబడిందనుకోండి. అది దారి వెతుక్కుంటూ ఉండొచ్చు. ఎదురుగా ఉన్న వస్తువేమిటో పోల్చుకుంటూ ఉండొచ్చు. నడిపేవాళ్ల ఆజ్ఞ కోసం చూస్తుండొచ్చు. బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. పైకి మాత్రం అన్నీ ఒక్కలాగే ఉంటాయి. తయారుచేసిన పిల్లలకి ల్యాప్‌టాప్ మీద అంతా తెలుస్తూనే ఉంటుంది, జడ్జీలకి కొంత తెలుస్తుంది. టిక్కెట్టు కొని, పని మానుకుని వచ్చి కూర్చున్న మనకే ఏమీ తెలీదు.

అందుకే నా మనవి ఒకటే. రోబో ఏ స్థితిలో ఉందో ప్రేక్షకులకి కనిపించేలా చూపించాలనే నిబంధన ప్రతి పోటీలోనూ ఉండాలి. 'వీలుంటే పెట్టండి' అంటే ఎవరూ పెట్టరు. బరువు, కొలతలు సరిచూసినట్టే దీన్నీ సరిచూసి, లేకపోతే బరిలోకి దించకూడదు.

ఇదేదో గొంతెమ్మ కోరిక కాదు. ఇప్పటికే కొన్నిచోట్ల జరుగుతున్నదే. అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన 'ఫస్ట్' అనే సంస్థ హైస్కూలు పిల్లలకి రోబో పోటీలు పెడుతోంది. అక్కడ ప్రతి రోబోకీ నారింజ రంగు దీపం ఒకటి తప్పనిసరి. అది నిలకడగా వెలుగుతుంటే రోబోకి కరెంటు ఉంది గానీ కదిలే అనుమతి లేదని అర్థం. ఆరి వెలుగుతుంటే ఏ క్షణమైనా కదులుతుంది, దగ్గరికి వెళ్లకూడదు. ఎంత చిన్న దీపం, ఎంత పెద్ద సంగతి చెబుతోందో చూడండి!

రోబోలతో ఫుట్‌బాల్ ఆడించే రోబోకప్ 1997లో జపాన్‌లోని నగోయాలో మొదలైంది. ఈ శతాబ్దం సగానికి ప్రపంచకప్ గెలిచిన మనుషుల జట్టునే ఓడించాలన్నది వాళ్ల పంతం. అందులో 'నావో' అనే బుల్లి రోబోలు ఆడిన విభాగంలో రొమ్ము మీది బొత్తాం రంగులు మార్చేది. నీలమైతే తన చోటుకి వెళుతోంది, పసుపైతే విజిల్ కోసం నిలబడింది, పచ్చయితే ఆడుతోంది, ఎరుపైతే శిక్ష పడింది. ఒక్కసారి చెబితే నాలుగేళ్ల పిల్లకైనా గుర్తుండిపోతుంది.

యూటా ఎడారిలో కాలేజీ విద్యార్థులకి జరిగే యూనివర్సిటీ రోవర్ ఛాలెంజ్ ఇంకో అడుగు ముందుకేసింది. మన దేశం నుంచి కూడా పిల్లలు వెళ్లే పోటీయే ఇది. తనంతట తాను నడవాల్సిన అంకంలో బండి మీద ఎర్రదీపం వెలిగితే సొంతంగా నడుస్తోందని, నీలిదీపం వెలిగితే మనిషి నడుపుతున్నాడని, పచ్చదీపం మిణుకుమిణుకుమంటే గమ్యం చేరిందని లెక్క. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఎరుపు, నీలం తేడా. ఎందుకంటే ఈ గొడవంతటిలో అసలు ప్రశ్న అదే - దాన్ని నడిపేదెవరు?

1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని మరియా థెరీసా రాణిగారి కొలువులో ప్రదర్శించాడు. తలపాగా చుట్టుకున్న బొమ్మ ఎత్తు మీద ఎత్తు వేసి పెద్దపెద్దవాళ్లని ఓడించింది. ఏళ్ల తరబడి లోకం ముక్కున వేలేసుకుంది. నిజానికి బల్ల కింద పెట్టెలో ఒక మనిషి కూర్చుని ఆడేవాడు! అవి పాతరోజులు లెమ్మనుకుంటున్నారేమో. 2024 అక్టోబరులో అమెరికాలో టెస్లా కంపెనీ చేసిన వేడుకలో మనిషి ఆకారపు రోబోలు అతిథులకి పానీయాలు పోసి, కబుర్లు చెప్పాయి. చాలామేరకు దూరాన్నుంచి మనుషులే వాటి వెనక ఉన్నారని తర్వాత వార్తల్లో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో మనుషులతో పాటు రోబోలకీ హాఫ్ మారథాన్ పెట్టారు. 21 కిలోమీటర్ల దూరాన్ని మొదటిగా వచ్చిన రోబో 2 గంటల 40 నిమిషాల్లో పూర్తిచేసింది. పక్కనే దాని మనుషులూ పరుగెత్తారు. కొన్ని రోబోలని రిమోట్‌తో నడిపారు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లకి ఏది రిమోట్‌దో, ఏది సొంతబుద్ధిదో ఎలా తెలియాలి?

రిమోట్‌తో నడపడం తప్పని నేననను. అదీ ఒక నేర్పే. కానీ బజారు పచ్చడి తెచ్చి జాడీలో పెట్టి "నేనే పట్టాను" అంటే ఊరుకుంటామా? పచ్చడి బావుండొచ్చు, చెప్పిన మాట మాత్రం అబద్ధమే కదా. చూసేవాళ్ల చప్పట్లు ఎవరికి చెందాలో వాళ్లకే చెందాలి.

2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన డార్పా పోటీ సంగతి వినండి. ప్రమాదం జరిగిన చోటికి మనిషికి బదులు వెళ్లగల రోబోల కోసం పెట్టిన పోటీ అది. కారు నడపాలి, తలుపు తీయాలి, వాల్వు తిప్పాలి, గోడకి కన్నం చేయాలి, మెట్లెక్కాలి. మొత్తం ఎనిమిది పనులు, గంట గడువు. దక్షిణ కొరియా వాళ్ల హ్యూబో 44 నిమిషాల 28 సెకన్లలో అన్నీ ముగించి 20 లక్షల డాలర్లు గెలుచుకుంది. అక్కడ నిర్వాహకులు కావాలనే రోబోకీ, దాన్ని దూరాన్నుంచి నడిపేవాళ్లకీ మధ్య సంకేతాలు సరిగ్గా అందకుండా చేశారు. నిజమైన ప్రమాదంలో అలాగే ఉంటుంది కాబట్టి. అంటే రోబో నిశ్చలంగా నిలబడిన ప్రతిసారీ ఒక చిన్న నాటకం నడుస్తోందన్నమాట. సంకేతం తెగిందా? తనే ఏం చేయాలో తేల్చుకుంటోందా? ఆ ఉత్కంఠ చూసేవాళ్లదాకా చేరితే కదా, అది తూలి పడబోయినప్పుడు మన గుండె గుభేలుమనేది! చేరకపోతే పడిపోయిన బొమ్మని చూసి నవ్వుకుని వచ్చేస్తాం.

పోయినేడు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేనూ చూశాను. ఒక ఆడపిల్లల జట్టు రోబో నాలుగు నిమిషాలు కదల్లేదు. వెనక వరసలో తల్లులు టీకి లేచారు. "పాపం, వీళ్లది పాడైపోయినట్టుంది" అన్నారెవరో. తర్వాత ఆ పిల్లల్లో ఒకమ్మాయి చెప్పింది - కిటికీలోంచి ఎండ సూటిగా పడి రంగులు పోల్చుకోలేక, అది మళ్లీ మళ్లీ చూసుకుందట. చివరికి పోల్చుకుంది కూడా. ఆ నాలుగు నిమిషాలే వాళ్లు ఆరునెలలు కష్టపడి నేర్పిన విద్య. చూడాల్సిన వాళ్లు సరిగ్గా అప్పుడే టీ తాగుతున్నారు!

ఇదే ఆడవాళ్ల పేజీలో ఈ గొడవ ఎందుకంటే, నష్టపోయేది ఎక్కువగా మనమే కనక. అర్థం కాకపోతే "ఇదంతా మగపిల్లల వ్యవహారం, నాకెందుకులే" అని ఎనిమిదో తరగతి ఆడపిల్ల తేల్చేసుకుంటుంది. అదే పిల్లకి తెర మీద "ఎర్ర బంతి కనిపించింది - రెండడుగుల దూరం - ఎడమకి తిరుగుతున్నాను" అని తెలుగులో కనిపించిందనుకోండి. "ఓస్, ఇంతేనా! ఇలా అడుగడుగూ చెప్పాలన్నమాట" అనుకుంటుంది. ఆ "ఇంతేనా" అన్న మాటలోంచే రేపటి ఇంజనీరు పుడుతుంది. ఇక గొలుసు తాకట్టు పెట్టి మోటార్లు కొనిచ్చిన తల్లికి, తన బిడ్డ ఏం సాధించిందో కళ్లారా చూసే హక్కు లేదూ?

అభ్యంతరాలు లేకపోలేదు. పిల్లలకి ఇప్పటికే చేతినిండా పని, ఇదొకటా అంటారు. నాలుగు రంగుల చిన్న దీపాలకి, పాత సెల్‌ఫోన్ తెరకి ఏపాటి ఖర్చు? పైగా రోబో ఎక్కడ తప్పుతోందో ముందు వాళ్లకే తెలుస్తుంది, సరిదిద్దుకునే పని తేలికవుతుంది. ఎత్తుగడలు అవతలి జట్టుకి తెలిసిపోతాయంటారు. వ్యూహం చెప్పమనడం లేదు, స్థితి చెప్పమంటున్నాం. పేకముక్కలు చూపించక్కర్లేదు, ఆట ఎవరిదో చెబితే చాలు. తప్పుడు దీపం వెలిగిస్తేనో అంటారా? రోబోలో నమోదయ్యే లెక్కలతో జడ్జీలు సరిపోల్చి, అబద్ధమైతే మార్కులు కోయాలి.

చూపించాల్సినవి నాలుగే. తనంతట తాను నడుస్తోందా, మనిషి నడుపుతున్నాడా? ఇప్పుడు ఏ పనిలో ఉంది? దేనికోసమైనా ఆగిందా? చెడిపోయిందా? ఈ నాలుగూ వెనక వరసకి కనపడాలి. ఎరుపు, పచ్చ పోల్చుకోలేని వాళ్లుంటారు కాబట్టి రంగుతో పాటు గుర్తో, మాటో ఉండాలి. అన్ని జట్లకీ ఒకే రంగుల పద్ధతి ఉండాలి. ఒకరి పచ్చ ఇంకొకరి ఎరుపైతే మళ్లీ మొదటికే వస్తాం.

ఆసియా పసిఫిక్ దేశాల రోబోకాన్‌ని 2002లో టోక్యోలో మొదలుపెట్టింది టీవీ, రేడియో సంస్థల సంఘమే. మన దేశంలో దాన్ని ముందుకు తెచ్చింది దూరదర్శన్. 2008లోనూ, 2014లోనూ పుణె ఆతిథ్యం ఇచ్చింది. చూసేవాళ్ల కోసమే బతికే సంస్థలు పెట్టిన పోటీ అది. చాలా ఏళ్ల నిబంధనల్లో ఒక రోబోని మనిషి నడుపుతాడు, ఇంకోటి తనే నడవాలి. ఏది ఏదో ఇంట్లో టీవీ ముందున్న మనకి తెలిసేలా చేయమని అడగడం వాళ్లకి కొత్త పాఠమేమీ కాదు.

రోబోకప్‌లో 2006 నుంచీ ఇంటిపనులు చేసే రోబోలకీ పోటీ ఉంది. సామాన్లు మోయడం, బల్ల సర్దడం, అడిగింది తెచ్చివ్వడం. అంటే రేపు అవి రాబోయేది మన వంటింట్లోకే, మంచంలో ఉన్న అత్తగారి గదిలోకే. కుక్కర్ కూడా కూతపెట్టి తన సంగతి చెబుతుంది. పసిపిల్లలు తిరిగే ఇంట్లో మనిషంత యంత్రం ఉలుకూ పలుకూ లేకుండా నిలబడితే, దాని పక్కనుంచి నడిచి వెళ్లడానికి మనకి ధైర్యం చాలుతుందా? "నేనేం చేస్తున్నానో చెప్పాలి" అన్న మర్యాద వాటికి పోటీల బరిలోనే అలవాటు కావాలి. అందుకే ఈసారి మీ పిల్లల కాలేజీలో పోటీకి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. రోబో ఆగిపోయినప్పుడు టీకి లేవకుండా, నిర్వాహకుల్ని పిలిచి "అదేం చేస్తోందో మాకు చూపించండి" అని గట్టిగా అడగండి.