నాటిన మొక్కకు పూచీ ఎవరిది?

2018 ఆగస్టు 1న గజ్వేల్‌లో సైరన్ మోగగానే జనం ఒక్కసారిగా 1,00,116 మొక్కలు నాటారు. తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం నాలుగో విడత అలా మొదలైంది. చివరి ఆ నూటపదహార్లు చూశారా? చదివింపుల అలవాటు మనవాళ్లు మొక్కల దగ్గరా మానలేదు!

నాటడం ఒక పూట పని. నీళ్లు పోసేదెవరు? 2019 నాటి మున్సిపల్ చట్టం ఆ పూచీని పట్టణం మీదే పెట్టింది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి తీసిపెట్టాలి. నాటినవాటిలో 85 శాతం బతకాలి. లేదంటే కౌన్సిలర్ జవాబుదారీ. పల్లెల్లో సర్పంచులకూ 2018 పంచాయతీరాజ్ చట్టం ఇలాంటి మెలికే పెట్టింది. కఠినమే, మాకు మాత్రం నచ్చింది.

తిరకాసు ఎదిగిన చెట్లతోనే. మొక్క చుట్టూ కట్టిన ఇనుప ట్రీగార్డు వేళకు తీయకపోతే, లావెక్కిన కాండంలోకి ఆ చువ్వలే దిగబడతాయి. కరెంటు తీగలకు అడ్డమంటూ తలలు నరికేస్తారు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద ముందే అనుమతి తీసుకోవాలి. ఈ సంగతి గొడ్డలి పట్టినవాడికే కాదు, పట్టించినవాడికీ తెలియదు. అందుకే ఆ అనుమతి ఎవరిని, ఎలా అడగాలో ఈ సంచికలో వివరంగా వేశాం.